పేరు చదవని ఆదివారం

ఎసరు మరుగుతోంది. ప్రేమమణి చేటలోని బియ్యం పోయబోయి, ఎప్పటిలాగే ముందు ఒక గుప్పెడు తీసి గూట్లోని డబ్బాలో వేసింది. వాళ్ల చర్చిలో ప్రతి ఇల్లాలూ చేసే పనే అది. పూటకో గుప్పెడు తీసిపెట్టి ఆదివారం చర్చికి పట్టుకుపోతే, ఆ బియ్యం లేనివాళ్ల ఇళ్లకు చేరుతుంది. ఆ ఏడు, 1948లో, ఇండియా యూనియన్ ఆంక్షలతో నైజాం రాజ్యానికి నాలుగు వైపులా దారులు మూసుకుపోయి, సికింద్రాబాదు బజారులో ఉప్పుకే కటకట వచ్చిపడింది. అయినా ప్రేమమణి ఒక్క పూట కూడా గుప్పెడు మానలేదు. కాకపోతే ఆ గుప్పెడు రోజురోజుకూ బిగుసుకుంటోందని ఆమెకు మాత్రమే తెలుసు.

మారేడ్‌పల్లిలో ఆ ఇంటిని అందరూ జ్ఞానశేఖర్ సారు ఇల్లంటారు. సారు బడిలో ఇంగ్లీషు చెబుతాడు, చర్చిలో పెద్ద. పదిహేనేళ్లుగా ఆ బియ్యం పంచే బాధ్యత ఆయనదే. అంతకుముందు పంచినాయన సంచులు ఇంటికి మోసుకుపోయాడని నింద పడితే, ఈయన వచ్చి గట్టి పద్ధతి పెట్టాడు. అవసరమున్నవాళ్లు ముందు కాగితం రాసివ్వాలి. ఎవరెవరికి ఇచ్చిందీ ఆదివారం అందరి ముందూ పేరుపేరునా చదవాలి. ఈ పదిహేనేళ్లలో ఆయన్ని వేలెత్తి చూపినవాడు లేడు. సారుకు ఆ సంగతి తలుచుకుంటే తగని గర్వం.

అలాంటి సారు పది రోజులుగా ఒక ఉత్తరాన్ని బైబిలు కింద పెట్టి, దాని వైపు చూడకుండా తిరుగుతున్నాడు.

ఆ ఉత్తరం స్కాట్లాండు నుంచి వచ్చింది. వాళ్ల ఒక్కగానొక్క కూతురు డోరా అక్కడి యూనివర్సిటీలో డాక్టరీ చదువుతోంది. జూన్ నుంచి ఇక్కడి డబ్బు అక్కడికి పంపే దారి లేకుండా పోయింది. ఆ కబురు విని యూనివర్సిటీ వాళ్లే రాశారు. ఇంటి నుంచి డబ్బు అందని పై దేశాల పిల్లలకు అత్యవసర సాయం చేస్తామన్నారు. పిల్ల నోరు తెరిచి అడగాలి. పంపలేకపోతున్నామని ఇంటి పెద్ద ఒక సంతకం పెట్టి పంపితే చాలన్నారు. సారుకు ఆ ఒక్క సంతకమే కొండంత అయి కూర్చుంది.

అది సెప్టెంబరు రెండో శనివారం. కంచంలో చారు పోస్తూ ప్రేమమణి అడిగింది.

"ఇయ్యాల్నన్న సంతకం పెడ్తరా?"

"చూద్దాం."

"పది రోజుల సంది చూస్తనే ఉన్నరు. పిల్ల అక్కడ ఏం తింటున్నదో ఏమో."

"డోరా దగ్గర ఇంకా ఎంతో కొంత ఉంటది. అది దుబారా మనిషి గాదు."

"ఎక్కడిది? మనం పంపి ఎన్ని నెలలాయె?"

సారు అన్నంలో వేళ్లు ఆడించాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"నాది ఇచ్చే చెయ్యి, మణీ. ఎవరి ముందట చాపలేదు. ఇప్పుడు నాతోని కాదని రాసిస్తే, అక్కడ నా బిడ్డ పేరు నలుగురి ముందట చదువుతరు. పరాయి దేశంల ఆ సిగ్గు అది ఓర్సుకుంటదా?"

"చదువుతరని మీకు ఎవరు చెప్పిండ్రు?"

"చదవకుండ ఎట్లిస్తరు?" సారు నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఇవ్వడానికి ఇంకో పద్ధతి ఉంటుందని ఆయనకు ఎన్నడూ తోచలేదు.

ప్రేమమణి గరిటె గిన్నెలో పెట్టేసింది.

"అంటే పేరు చదివితే సిగ్గయితదని మీకు ఎరికేనన్నమాట."

ఆయన తలెత్తి చూశాడు.

"మార్తక్క రెండేండ్ల సంది చర్చికి ఎందుకు వస్తలేదో ఎన్నడన్న అడిగిండ్రా?"

"పానం బాగలేదన్నరు గద."

"పానం మంచిగనే ఉన్నది. మనిషే బాగలేదు."

బోయిగూడలో ఉండే మార్త సండే స్కూలు టీచరు. డోరాకు వాక్యాలు వల్లె వేయించింది ఆమే. భర్త పోయిన ఏడు, ఒకే ఒక్కసారి బియ్యం కావాలని కాగితం రాసింది.

"మీరు ఆమె పేరు చదివిన మరుసటి వారం, ఆమె చదువు చెప్పే పిల్లలే ఆమెను గుప్పెడు బియ్యం టీచరన్నరు. గంతే, మల్ల చర్చి గడప తొక్కలె. మీ మనసుకు తక్లీఫ్ అయితదని గీ మాట రెండేండ్లు కడుపుల పెట్టుకున్న. ఇప్పుడు నా బిడ్డ ఆకలి దాకా వచ్చింది. ఇగ ఊకోను."

ఆమె గొంతు పెంచలేదు. సారు కంచం సగంలో వదిలి చెయ్యి కడుక్కున్నాడు. గంట తర్వాత గదిలోంచి కవరుతో బయటికొచ్చి, చొక్కా తగిలించుకుని, స్టేషను దగ్గరి పోస్టాఫీసుకు తానే నడిచిపోయాడు.

సోమవారానికి యూనియన్ సైన్యం సరిహద్దు దాటింది, యుద్ధం మొదలైంది. రైళ్లు ఆగాయి, టపా ఆగింది. పరుగున వెళ్లి అడిగితే, శనివారం టపా సంచి ఇంకా ఇక్కడే ఉందన్నారు. ఇంటికొచ్చి సారు గడప మీదే కూలబడ్డాడు.

"పది రోజులు ముందే ఏసి ఉంటే ఈపాటికి చేరేది," అన్నాడు.

ఆ మాటే నాలుక చివరిదాకా తెచ్చుకున్న ప్రేమమణి, ఆయన మొహం చూసి మింగేసింది. మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

శుక్రవారం రేడియోలో నైజాం లొంగిపోయాడని చెప్పారు. మర్నాడు యూనియన్ సైన్యం సికింద్రాబాదులోకి వచ్చింది. ఊరంతా రోడ్ల పక్కన నిలబడి లారీలు చూస్తుంటే, ప్రేమమణి మాత్రం టపా మనిషి వచ్చే సందు వైపు చూసింది. ఆమె యుద్ధం ఇంకా అయిపోలేదు.

నెలాఖరులో వచ్చింది డోరా ఉత్తరం. సారు నిలబడే చదివాడు, ప్రేమమణికి వినబడేలా.

"నాన్నగారూ, అమ్మా, ముందుగా ఒక మాట. నేను మూడు పూటలా తింటున్నాను, పరేషాన్ కాకండి. సాయం చేస్తారని ఆగస్టులోనే తెలిసింది. కాని భోజనాల హాల్లో అందరి ముందూ నా పేరు చదువుతారని భయపడి అడగలేదు. మన చర్చిలో చదువుతారు కదా, ఇక్కడా అంతే అనుకున్నాను. మూడు వారాలు ఒక్క పూట తిని నెట్టుకొచ్చాను. ఒకరోజు మెట్ల మీద కళ్లు తిరిగి పడ్డాను. హాస్టల్ వార్డెన్ గారు నన్ను తన గదికి తీసుకెళ్లి, తలుపు మూసి, వేడి సూపు తాగించి, కవరు చేతిలో పెట్టారు. ఇంటి నుంచి కాగితం ఇంకా రాలేదన్నాను. వచ్చినప్పుడు వస్తుంది, అంతదాకా ఆకలి ఆగదు కదా అన్నారు. నా పేరు ఎప్పుడు చదువుతారని అడిగాను. నా ప్రశ్న ఆమెకు అర్థం కాలేదు, నాన్నగారూ. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది."

అక్కడితో సారు ఉత్తరం కిందికి దించాడు. మిగతాది ప్రేమమణి తీసుకుని చదువుకుంది. మూడు పూటలా అన్న చోటికి మళ్లీ వెళ్లి, వేలు పెట్టి మళ్లీ చదివింది. గుండెల మీది బండ ఎవరో దింపినట్టయి, నవ్వొచ్చింది, ఆ వెంటే ఏడుపొచ్చింది. కోపం వస్తుందేమో అనుకుంది గాని, వెతికినా దొరకలేదు.

"ఆ భయం దానికి నేర్పింది నేనే, మణీ," అన్నాడు సారు. కండువాతో కళ్లద్దాలు తుడుచుకున్నాడు, కళ్లు తుడుచుకోవడం మరిచాడు.

"పిల్ల తింటున్నది. ముందు అది చాలు మనకు."

శనివారం సాయంత్రం సారు ఒక్కడే బోయిగూడకు నడిచిపోయాడు. చీకటి పడుతుండగా తిరిగొచ్చాడు.

"ఏమన్నది మార్తక్క?"

"తప్పయిందని చెప్పిన. చాయ్ ఇచ్చింది."

"తాగిండ్రా?"

"తాగిన."

ఆదివారం ఆరాధన చివర సారు ఎప్పటిలాగే ముందుకొచ్చి నిలబడ్డాడు. జనం పేర్ల కోసం చెవులు రిక్కించారు. ఆయన జేబులోంచి కాగితం తీసి, విప్పకుండానే మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"ఈ వారం బియ్యం చేరవలసిన ఇండ్లకు చేరింది. ఇగ మీద పేర్లు చదవను. ఇన్నాళ్లు చదివినందుకు నన్ను క్షమించుండ్రి," అని వెళ్లి తన చోట కూర్చున్నాడు.

ప్రేమమణి కళ్లొత్తుకుంటుండగా వెనక బెంచీలోంచి ఎవరో లేచొచ్చి ఆమె పక్కన సర్దుకుని కూర్చున్నారు. చూస్తే మార్త. రెండేళ్లలో జుట్టు బాగా నెరిసింది.

"డోరా మంచిగ తింటున్నదా?" అని మెల్లగా అడిగింది.

"తింటున్నది అక్కా. మూడు పూటలా."

మార్త ఆమె చెయ్యి పట్టుకుంది. తర్వాత ఒడిలోని చిన్న మూట తీసి ప్రేమమణి ఒళ్లో పెట్టింది.

"సారుకియ్యి," అంది. "ఈ రెండేండ్లు సుత బియ్యం తీసిపెట్టుడు మానలే నేను. ఇది ఈ వారం గుప్పెడు."