ఎనభై తొమ్మిది మంది హాజరు

రాయమల్లు నౌకరి పర్మనెంటు అయిందన్న కాగితం వచ్చినప్పుడు నర్మద వాళ్ల గడపలోనే ఉంది. రాయమల్లు తల్లి కమలవ్వ సంతోషం పట్టలేక ఆమె నోట్లో బెల్లం ముక్క పెట్టింది. 1959 ఎండాకాలం, పెళ్లయి ఇరవై రోజులు; నర్మదకు మందమర్రి బొగ్గు దుమ్ము కూడా ముద్దుగానే ఉంది. బెల్లం కరగకముందే గని కావలివాడు వచ్చాడు. నిన్న పొద్దున స్టోరులో రాగి కేబులు పోయిందట. దొంగ రాయమల్లేనట.

"నిన్న పొద్దంత వ్యాగన్లు నింపిన," అన్నాడు రాయమల్లు, కావలివాడి వైపు చూడకుండా.

"నువ్వు పనికే రాలేదని మేస్త్రీ రాసిచ్చిండు," అన్నాడు కావలివాడు.

కమలవ్వ నర్మద చేయి పట్టుకుంది. "రేపు ఎనిమిదింటికి డ్యూటీల చేరకుంటే గా నౌకరి ఇంకొకనికి పోతది బిడ్డా. మీ ఆయనకు జర చెప్పు."

నర్మద భర్త సిద్దిరాములు కరీంనగర్‌లో పేరున్న డిటెక్టివ్. అతని చిన్నమ్మను చూడటానికని ఇద్దరూ మందమర్రి వచ్చారు; ఆమెది రాయమల్లు పక్కిల్లే. సంగతి వినగానే అతను చెప్పులు వేసుకున్నాడు. నర్మద నోటుపుస్తకం తీసుకుంది. రాయమల్లు అలా చూపు తప్పించడం మాత్రం ఆమె మనసులోంచి పోలేదు; అతనే తీశాడేమో అనిపించింది.

మేస్త్రీ వెంకటి తన షెడ్డులో గోనెసంచుల మీద కూర్చుని ఉన్నాడు. వాటి మీద నుంచి లేవకుండానే జవాబులు చెప్పాడు.

"నిన్న ఎంతమంది వచ్చిండ్రు?" అని అడిగాడు సిద్దిరాములు.

"ఎనభై తొమ్మిది. కాగితంల రాసిచ్చిన."

"జట్టుకు ఎందరు?"

"వచ్చిన మందిని బట్టి. ఒకనాడు నలుగురు, ఒకనాడు ఎనమండుగురు. అన్ని జట్లు సమానంగ ఉండాలె, లేకుంటే కొట్లాడుకుంటరు. మిగిలినోళ్లను ఇంటికి పంపుత. నిన్న మాత్రం ఒక్కడు మిగల్లే, అందరు పని చేసిండ్రు."

"నిన్న జట్టుకు ఎందరు?"

"యాది లేదు సారూ."

బయట కూలీలను అడిగితే ఒక్కరూ తల ఎత్తలేదు. మేస్త్రీ పిలిస్తేనే రేపటి పని. నిన్న రాయమల్లు పక్కన ఎవరున్నారని అడిగితే సమ్మవ్వ అనే కూలీ తట్ట సర్దుకుంటూ, "ఏమో, నేను చూడలే," అంది. నర్మదకు రాయమల్లు మీద అనుమానం ఇంకా పెరిగింది.

సాయంత్రం సిద్దిరాములు గని మేనేజరునూ కావలివాడినీ కూలీలనూ మేస్త్రీ షెడ్డులోకి పిలిపించాడు. రాయమల్లు, కమలవ్వ కూడా వచ్చారు.

"ఎనభై తొమ్మిది మందిని సమానంగ పంచి చూపించు మేస్త్రీ. ఇద్దరిద్దరంటే ఒకడు మిగులుతడు. ముగ్గురంటే ఇద్దరు. అయిదుగురంటే నలుగురు. ఏడుగురంటే అయిదుగురు మిగులుతరు."

"ఇంకా పెద్ద జట్లు కట్టిననేమో."

"పదకొండు పదకొండ్లు నూట ఇరవై ఒకటి, ఎనభై తొమ్మిదిని దాటిపోయింది. ఇక పెద్ద జట్లతో పంపకం కుదరాలంటే జట్ల సంఖ్య పదకొండు కంటె చిన్నదై ఉండాలె. చిన్నవన్నీ చూసినం; రెండు, మూడు, అయిదుతో తెగనిది నాలుగు, ఆరు, ఎనిమిది, తొమ్మిది, పదితో గూడ తెగదు. ఎనభై తొమ్మిది ప్రధాన సంఖ్య. ఒక్కొక్కడే వ్యాగను నింపాలె, లేదా అందరూ ఒకే జట్టు కావాలె."

వెంకటి నవ్వాడు. "మొన్న తొంభై ఒక్క మంది వచ్చిండ్రు. అది గూడ సమానంగ తెగదు. అయినా ఎవరు మిగల్లే. ఏం లెక్క సారూ మీది?"

షెడ్డులో గుసగుసలు లేచాయి. నర్మద పుస్తకంలో తొంభై ఒకటి రాసింది. రెండుతో తెగలేదు. మూడుతో తెగలేదు, అయిదుతోనూ లేదు. ఏడుతో చూసింది.

"తెగుతది," అంది నర్మద. "ఏడుగురి చొప్పున పదమూడు జట్లు."

"మొన్న మేం ఏడుగురమే," అన్నారు వెనక నుంచి ఎవరో.

"మొన్నటి లెక్క నిజం గనుకనే తెగింది," అన్నాడు సిద్దిరాములు. "నిన్నటి లెక్కల ఒక మనిషిని తీసేసినవు. ఆ మనిషిని కలిపితే తొంభై. ఆరుగురి చొప్పున పదిహేను జట్లు."

సమ్మవ్వ తట్ట కింద పెట్టింది. "నిన్న మేం ఆరుగురమే సారూ. ఆరో మనిషి రాయమల్లు. రేపు పని దొరకదని భయపడ్డ."

"పర్మనెంటు జాబితాలో రాయమల్లు తర్వాత ఎవరు?" సిద్దిరాములు మేనేజరును అడిగాడు.

"మేస్త్రీ బామ్మర్ది."

"మేస్త్రీ, జర లే."

వెంకటి లేవలేదు. కావలివాడే అతన్ని లేపి గోనెసంచులు తీశాడు. కింద రాగి కేబులు చుట్ట చుట్టి ఉంది.

మేనేజరు రాయమల్లు వైపు తిరిగి, "రేపు ఎనిమిదింటికి డ్యూటీలో చేరు," అన్నాడు.

కమలవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని, "ఎనిమిదింటికి కాదు, రేపు ఏడింటికే పోదాం," అంది. "గేటు దాకా నేను గూడ వస్త."