ఒక్క వాల్యూమ్ చాలు

"సౌండ్ పెంచుమంటె హోరు పెంచిండ్రు!"

వానలో తడుసుకుంటూ షాపులోకి వచ్చిన అమ్మాయి అన్న మొదటి మాట అది. బాన్సువాడ బస్టాండు దగ్గర ఆంప్లిఫయర్లు రిపేరు చేసే మహిపాల్ బిత్తరపోయాడు.

ఆమె పేరు వైశాలి. నస్రుల్లాబాద్ రైతు భీంరావు బిడ్డ. బోధన్‌లో డిగ్రీ ఎలక్ట్రానిక్స్ చదువుతోంది. వాళ్లింటి పాత వాల్వ్ ఆంప్లిఫయర్‌ను మహిపాలే పోయిన వారం బాగుచేశాడు. క్యాసెట్ డెక్కుకూ దానికీ నడుమ తాను తయారుచేసిన ప్రీఆంప్, అంటే సిగ్నల్‌ను ముందే పెంచే డబ్బా, పెట్టి మరీ పంపాడు.

"గది నా బెస్ట్ డిజైన్! బేస్, ట్రెబుల్, ఎకో..."

"మా అమ్మ గొంతుకు ఎకో ఎందుకు?"

మహిపాల్ చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టాడు.

క్యాసెట్‌లో ఉన్నవి ఆమె తల్లి పార్వతీబాయి పాడిన పాటలు. తల్లి పోయాక భీంరావు ఆ క్యాసెట్ ముట్టలేదు. ఎన్నాళ్లకో ధైర్యం చేసి విందామని కూర్చుంటే హోరులో గొంతే తెలియలేదు. "బంద్ చెయ్ బిడ్డా" అని లేచిపోయాడు.

"ప్రీఆంప్ తీసేయుండ్రి. వట్టి వాల్యూమ్ కంట్రోల్ పెట్టుండ్రి. దానికి కరెంటే వద్దు."

"సౌండ్ తగ్గుతది."

"డెక్కు నుంచి వచ్చే సిగ్నల్ వాల్వ్ ఆంప్‌కు సరిపోతది. వైరు పొట్టిగుంటె చాలు. ఊరంతా వినాల్నా ఏంది? మా నాయిన వింటె చాలు!"

ఆమె వెళ్లిపోయింది. కోపం రావాల్సిన చోట మహిపాల్‌కు నవ్వొచ్చింది. ఎంత సూటిగా చెప్పింది!

రాత్రంతా ఆమె మాటలే తలుచుకుంటూ ఒకే ఒక్క నాబ్ ఉన్న చిన్న రేకు డబ్బా తయారుచేసి, మర్నాడు పట్టుకుని నస్రుల్లాబాద్ పోయాడు. తన ప్రీఆంప్ తీసి పక్కన పెట్టి, డబ్బా కలిపాడు. ఆంప్లిఫయర్‌లోని గాజు వాల్వులు మెల్లగా ఎర్రబడ్డాయి. భీంరావు గుమ్మంలోనే నిలబడ్డాడు.

పాట మొదలయ్యింది. చరణానికి ముందు పార్వతీబాయి తీసుకున్న ఊపిరి వినిపించింది. గాజుల చప్పుడు, వెనక ఎక్కడో చిన్నపిల్ల కిలకిల.

"గా నవ్వింది ఈ పిల్లనే. నాలుగేండ్లది అప్పుడు" అంటూ భీంరావు వైశాలిని చూపిస్తూ వచ్చి స్పీకర్ పక్కనే కూలబడ్డాడు. తువ్వాలతో కండ్లు ఒత్తుకుని, "మల్ల పెట్టు కొడుకా" అన్నాడు.

మహిపాల్ పాట మళ్లీ పెట్టి వరండాలోకి వచ్చాడు. వెనకాలే వైశాలి.

"నువ్వు జెప్పిందే కరెక్టు."

"పుస్తకంల చదివి చెప్పిన. నేను సోల్డరింగ్ చేస్తె వేళ్లు కాలుతయ్. మీ చేతి పని ఎంత నీటుగుంది!"

మహిపాల్ బయట ఇంకా పడుతున్న వాన వైపు చూశాడు. "నా ప్రీఆంప్ తీసుడు కష్టం కాలే వైశాలీ. పనైపోయింది, ఇగ నువ్వు షాపుకు రావు. అదే కష్టంగుంది. నువ్వంటె నాకు మస్తు ఇష్టం."

ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. కాసేపు చున్నీ అంచు మెలిపెట్టింది.

"లోపల రేడియో ఉంది. మంచిగనే పాడుతది." మెల్లగా కండ్లెత్తింది. "ఖరాబ్ చేసి తేవాల్నా?"

లోపల పాట ఆగింది. భీంరావు గొంతు వినిపించింది.

"మంచి రేడియో ఎందుకు ఖరాబ్ చేస్తవ్ బిడ్డా? ఆదివారం ఆ పిలగాని అమ్మానాయినలను బువ్వకు రమ్మను."