మూడు చోట్ల ఒకే మాట

ముదిగొండ దగ్గర రాంబాబు దారి తప్పి చావలేదు. దారి అడిగి మరీ చచ్చాడు.

గూఢచారి శాఖలో అరుణశ్రీకి జోడీగా తిరిగిన మనిషి. ఏ రోడ్డు క్షేమమో వెబ్‌లో వెతికి చెప్పమని ఆఫీసు ఏఐ అసిస్టెంట్ ‘వేగు’ను అడిగాడు. అది చూపించిన డొంకదారిలోనే తూటా అతని కోసం కాచుకుని ఉంది. పాపం, నమ్మకమే అతని కొంప ముంచింది.

ఈసారి కిషోర్ వంతు. విదేశీ ముఠాకు డ్రోన్ డిజైన్లు అమ్మి, ఆనక భయపడి లొంగిపోయిన ఇంజనీరు. ముఠాలో ఎవరెవరున్నారో తెలిసినవాడు అతనొక్కడే. రోగి వేషం వేసి, అంబులెన్సులో భద్రాచలం నుంచి ఖమ్మం చేర్చాలి.

“ప్రాణంతో చేరాలమ్మా,” అన్నాడు ఫోన్లో చీఫ్ వెంకటనారాయణ. “వాడు పోతే కేసు పోయినట్టే.”

గోదావరి ఒడ్డున లాడ్జి గది. బయట ముసురు. పట్టపగలే దీపాలు వెలిగించుకోవలసినంత మబ్బు. అరుణశ్రీది పసుపు చీరలో భక్తురాలి వేషం. చేతి గాజులో వైర్‌లెస్. ఎదురుగా ల్యాప్‌టాప్ ముందు ప్రసూన. ముఠాలో చేరినట్టు నటిస్తూ శాఖకు కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. చూస్తే చూపు తిప్పుకోలేని అందం. శాఖలో చేరాక వేగుకు మెరుగులు దిద్దింది కూడా ఆమే.

గాజులోంచి అంబులెన్సు డ్రైవర్ బొజ్జయ్య గొంతు వినిపించింది. “బూర్గంపాడు దాటినం మేడం. ఎటు పోవాలె?”

ప్రసూన వేళ్లు చకచకా కదిలాయి. “మెయిన్ రోడ్డు ఎందుకు ప్రమాదమో వెబ్‌లో వెతికి చెప్పు.”

వేగు జవాబు క్షణంలో వచ్చింది. “మూడు స్థానిక వార్తా పేజీల ప్రకారం గోదావరి పదిహేను మీటర్లకు చేరింది. మెయిన్ రోడ్డు మునిగింది. అడవి రోడ్డు క్షేమం.”

“అడవి రోడ్డు పట్టు బొజ్జయ్యా,” అంది ప్రసూన.

“అట్లనే. ఆ మలుపు తిరిగితే సిగ్నల్ ఉండదు మల్ల.”

ప్రసూన హ్యాండ్‌బ్యాగ్ అక్కడే వదిలి, ఫోన్ చెవికి ఆనించుకుని వరండాలోకి వెళ్లింది.

అరుణశ్రీ ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది. మీటర్లేంది? ఆమె పుట్టింది బూర్గంపాడులో. ఇక్కడ పసిపిల్లలు కూడా వరదను అడుగుల్లోనే చెబుతారు. నలభై మూడంటే మొదటి హెచ్చరిక, నలభై ఎనిమిదంటే మూటలు సర్దుకోవడమే. ఈ నీళ్లు తాగినవాడెవడూ భద్రాచలం వార్త మీటర్లలో రాయడు!

పైగా ఆ ప్రశ్న చూడండి. ప్రమాదమా కాదా అని కాదు, ఎందుకు ప్రమాదమని! వెతికేవాడి నోట్లో జవాబు ముందే కుక్కిపెట్టిందన్నమాట.

ఆమె గబగబా టైప్ చేసింది. “ఆ పేజీలు ఎప్పుడు పుట్టాయి? మొదట రాసిందెవరు? ఈ మాట తప్పని చెప్పే ఆధారం వెతుకు. దొరక్కపోతే దొరకలేదనే చెప్పు.”

“మూడు పేజీలూ ఈ ఉదయమే పుట్టాయి. మూడింట్లోనూ అవే వాక్యాలు. రాసిందెవరో తెలియలేదు. మెయిన్ రోడ్డు మీద బస్సులు నడుస్తున్నట్టు ప్రయాణికులు ఇప్పుడే పెట్టిన ఫొటోలు ఉన్నాయి. నా మొదటి జవాబు నమ్మదగినది కాదు.”

“చాలా బాగా అడుగుతున్నావే,” అంది వెనక నుంచి ప్రసూన. చేతిలో పిస్తోలు. “రాంబాబుకు ఈ తెలివి లేకపోయింది.”

“నువ్వేనా!” అంది అరుణశ్రీ. గాజు నొక్కితే గరగరమంటోంది తప్ప మాట పోవడం లేదు.

“జామర్ ఉందిలే, నీ గాజు పలకదు. కూర్చో. రెండు నిమిషాల్లో అయిపోద్ది.”

ప్రసూన కళ్లు ఒక్కసారి బల్ల మీది హ్యాండ్‌బ్యాగ్ వైపు వెళ్లొచ్చాయి. జామర్ అందులోనే! అరుణశ్రీకి అంతే చాలు. బల్లను కాలితో ఎగదన్నింది. తూటా అద్దాన్ని పగలగొట్టింది. హ్యాండ్‌బ్యాగ్ కిటికీలోంచి ఎగిరి వరద గోదావరిలో పడింది. పిస్తోలున్న చెయ్యి వెనక్కి విరిచి పట్టుకుని, గాజు నోటి దగ్గర పెట్టుకుని అరుణశ్రీ అరిచింది.

“తలంబ్రాలు! బొజ్జయ్యా, తలంబ్రాలు!”

ఉన్నచోటే ఆగమని అది సంకేతం. అటు నుంచి చప్పుడు లేదు. ‘ఓరి దేవుడా, మలుపు తిరిగిపోయిన్రా?’

“ఆగినం మేడం,” అన్నాడు బొజ్జయ్య. “మలుపుకాడ. ముందట చెట్టు అడ్డం పడుంది. గాలికి పడ్డది కాదిది, కొట్టేసిండ్రు.”

“రివర్స్ తియ్, జల్దీ! మెయిన్ రోడ్డెక్కు!”

కిషోర్ ఖమ్మం చేరాడు. చెట్టు వెనక తుపాకులతో కూర్చున్నవాళ్లను పోలీసులు చుట్టుముట్టారు.

“ప్రసూనను తీసుకునేటప్పుడు ఆమె గురించి వేగుతోనే వెతికించాం కదమ్మా,” అన్నాడు ఫోన్లో చీఫ్. “మూడు చోట్ల మంచిగానే రాసుంది.”

“ఆ మూడూ ఎవరు రాసిన్రని అడిగిన్రా సార్?”

“నిన్ను తీసుకున్నప్పుడు కూడా అట్లాగే చేశాం,” అన్నాడు చీఫ్.

అరుణశ్రీ నుదుటి మీది చెమట తుడుచుకుంది. “అయితే నన్ను కూడా నమ్మకున్రి సార్. ముందు సక్కగ అడుగున్రి.”