చోటు మారిన ట్యాంకు

ఐలీన్ ట్రెజైజ్ ఆఫీసులోకి వస్తూనే వెనక్కి తిరిగి తలుపు గడియ పెట్టింది. అరవై దాటిన మనిషి. మోచేతికి కట్టు ఉంది.

"కుక్కలమ్మా," అంది కుర్చీలో కూలబడి. "లిండ్సే హాడ్రిక్ నా మీదికి వదిలాడు. మళ్లీ వస్తే తుపాకీయేనన్నాడు. నేను మళ్లీ వెళ్లాలి. ఒక్కదాన్నే వెళ్లడానికి భయమేసి మీ దగ్గరికొచ్చాను."

ప్రైవేట్ డిటెక్టివ్ ఆల్మా షుల్జ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆమె అలా చేసిందంటే కేసు ఒప్పుకున్నట్టే. అసిస్టెంటు రెజ్ కార్మొడీ టీ పెట్టడానికి లేచాడు.

ఐలీన్ చెప్పిన సంగతి ఇది. పదిహేడేళ్ల క్రితం, అడిలైడ్‌కి ఉత్తరాన ఉప్పునేలల అంచున ఉన్న హాడ్రిక్ గొర్రెల ఫారంలో 'ఉప్పుగాలి' అనే భయానక చిత్రం తీశారు. ఐలీన్ తమ్ముడు కెల్విన్ దానికి శబ్దాలు రికార్డు చేసేవాడు. షూటింగు సగంలో ఉండగా, గాలి చప్పుడు పట్టుకొస్తానని వెళ్లినవాడు తిరిగి రాలేదు. దారి తప్పి ఎండకి పోయుంటాడని తేల్చేశారు. శవం దొరకలేదు. సినిమా కూడా పెద్దగా జనం కంట పడకుండానే పోయింది.

"పోలీసులు బాగానే వెతికారా?" అని ఆల్మా అడిగింది.

"ఊరు ఊరంతా వెతికింది. పాత బావులుగానీ గని గుంతలుగానీ ఉన్నాయా అని హాడ్రిక్‌ని అడిగారు. నా నేలలో ఒక్కటి కూడా లేదని ప్రమాణం చేశాడు. పక్కవీధికి వెళ్లినా నీళ్లసీసా పట్టుకెళ్లేవాడమ్మా మా కెల్విన్. వాడు ఎండకి పోయాడంటే నేను నమ్మను. శనివారం ఆ ఫారం దగ్గరి ఊరు టల్కూరాలో, టౌన్‌హాల్లో ఆ సినిమా మళ్లీ వేస్తున్నారు. వచ్చినవాళ్లకి ఆ చోటు కూడా చూపిస్తావా అని హాడ్రిక్‌ని అడగబోయాను. అంతే, కుక్కల్ని వదిలాడు."

ఆమె తెచ్చిన వీడియో క్యాసెట్‌ను ఆ సాయంత్రమే చూశారు. ఉప్పునేలల్లో ఒంటరిగా బతికే ఒక ఆడమనిషి కథ అది. దెయ్యం లేదు, నెత్తురు లేదు. వంటింటి కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు అదే పెరడు, అదే ఎండ, నిమిషాల తరబడి. రెజ్ మధ్యలో గుర్రుపెట్టాడు. లేచి చూస్తే ఆల్మా మళ్లీ మొదటినుంచి వేస్తోంది.

"ఇంకోసారా! ఏం పాపం చేశాం మేడమ్?"

"ఇలా చూడు. మొదట్లో వాననీటి ట్యాంకు ఎడమపక్క షెడ్డు చూరు కింద ఉంది. కుడిపక్క నాలుగు చెక్కలు తప్ప అంతా ఖాళీ నేల. తర్వాతి సీన్లలో ట్యాంకు కుడిపక్కకి వచ్చేసింది."

రెజ్ నవ్వాడు. "ఆ సినిమాకి ఉన్న కాస్త పేరూ దానివల్లే. ఇల్లే నెమ్మదిగా కదులుతోందని చూసేవాళ్లకి ఒళ్లు జలదరించాలట. కావాలనే జరిపించానని దర్శకుడు వెదరాల్ వెళ్లినచోటల్లా చెప్పుకుంటాడు."

"మరి సినిమా అయిపోయాక వెనక్కి పెట్టించాలిగా? పెట్టారో లేదో చూసొద్దాం పద."

ఫారం గేటు దగ్గరే హాడ్రిక్ అడ్డంగా నిలబడ్డాడు. అతని భుజం మీదుగా పెరడంతా కనబడుతోంది. తుప్పుపట్టిన ట్యాంకు ఖాళీ నేల నడిమధ్యన ఉంది.

"ట్యాంకు ఎవరు జరిపారు?" అని ఆల్మా అడిగింది.

"సినిమావాళ్లు జరపమన్నారు, జరిపాను. పట్నం డిటెక్టివువి, ఆమాత్రం తెలీదా? ఆ వెదరాల్‌నే అడుక్కో."

"చినుకే కరువైన చోట వాననీటి ట్యాంకుని చూరుకి దూరంగా వదిలేశారే?"

"నా ట్యాంకు, నా ఇష్టం. కుక్కల్ని విప్పమంటావా?"

 తిరిగొస్తూ కారు టల్కూరా చేరాక ఆల్మా, "రెజ్, పోలీసు సార్జెంట్‌ని శనివారం సినిమాకి పిలువు. హాడ్రిక్‌ని కూడా రప్పించమను," అంది.

శనివారం మధ్యాహ్నం హాలు సగమే నిండింది. సినిమా అయ్యాక క్రిస్పిన్ వెదరాల్ వేదికెక్కి, కదిలే ఇంటి గురించి చెప్పి చప్పట్లు అందుకున్నాడు. ఐలీన్ ముందువరసలో ఉంది. గోడకి ఆనుకుని హాడ్రిక్, అతని పక్కనే సార్జెంట్ నిలబడ్డారు.

ఆల్మా లేచింది. "వెదరాల్‌గారూ, ఒక్క సీను మళ్లీ వేయిస్తారా?"

తెర మీద కథానాయిక బకెట్టు పట్టుకుని పెరట్లోకి వచ్చింది. సరాసరి షెడ్డు మూలకి నడిచింది. అక్కడ ట్యాంకు లేదు. బిత్తరపోయి వెనక్కి తిరిగింది.

"ట్యాంకు చోటు మారాక తీసిన మొదటి సీను ఇది. మీరే జరిపించి ఉంటే ఆమెకి ముందే చెప్పేవారుగా? ఆమె నిజంగానే బిత్తరపోయింది. ఎందుకు?"

"అది... నటన."

"ఆ ముందురోజే ఒక మనిషి మాయమయ్యాడు. అతని అక్క ఇక్కడే కూర్చుంది. ఆమె మొహం చూసి చెప్పండి."

వెదరాల్ ఐలీన్ వైపు చూశాడు. ఆ సినిమా అతనికి మిగిల్చింది ఆ ఒక్క మెప్పే. వేదిక అంచుకి వచ్చాడు.

"నాకు తెలీదు. పొద్దున్నే సీను మొదలెట్టాకే చూశాం, అది అక్కడుంది. హాడ్రిక్ మీద ఇంతెత్తున లేచాను, వెనక్కి జరపనన్నాడు. మళ్లీ తీయడానికి ఫిల్ము లేదు. జనం నవ్వుతారని... కావాలనే చేశానన్నాను."

హాలంతా గుసగుసలు. ఆల్మా తెర దగ్గరికి నడిచి మొదటి సీను వేయించింది. "ట్యాంకు రాకముందు ఇక్కడ ఏముందో చూడండి. నేల మీద పరిచిన చెక్కలు, వాటి మీద బండరాయి. ఆ చెక్కల్నే ట్యాంకు కప్పేసింది. హాడ్రిక్‌గారూ, ఆ చెక్కలు ఎందుకు పరిచారు?"

"ఎందుకేమిటి? గొర్రెలు బావిలో పడకుండా!"

హాల్లో తలలన్నీ అతని వైపు తిరిగాయి.

"నేను బావి అనలేదే," అంది ఆల్మా. "మీ నేలలో బావి లేదని పోలీసుల ముందు ప్రమాణం చేసింది మీరే. బావి ఉందని ఆరోజు ఎందుకు దాచారు?"

హాడ్రిక్ తలుపు వైపు కదిలాడు. సార్జెంట్ చెయ్యి అతని ఛాతీకి అడ్డుపడింది. అతను ఎర్రబడిపోయి అరిచాడు: "పక్క ఫారం వాడి గొర్రెలు దొంగచాటుగా లారీకెక్కిస్తుంటే వచ్చి నిలబడ్డాడు, ఆ దిక్కుమాలిన మైకు పట్టుకుని! టేపు ఇచ్చెయ్ అంటే ఇవ్వనన్నాడు. తోశాను. తల రాతికి తగిలింది. ఇంకేం చెయ్యను?"

ఐలీన్ ఏడవలేదు. "ఇవ్వడు," అంది మెల్లగా. "వాడెప్పుడూ అంతే."

మర్నాడు పొద్దున్నే క్రేను తెచ్చి ట్యాంకు లేపారు. చెక్కలు పుచ్చిపోయి ఉన్నాయి. లోపలికి దిగిన పోలీసు కాసేపటికి పైకి చూసి, ఉన్నాడన్నట్టు తల ఊపాడు.

ఎండ ముదురుతోంది. "కారులో కూర్చోండమ్మా," అన్నాడు సార్జెంట్. "పైకి తీసేసరికి సాయంత్రమవుతుంది."

"ఇన్నేళ్లూ కూర్చునే ఉన్నాను బాబూ," అంది ఐలీన్. "ఇవాళ నిలబడతాను."

ఆల్మా వెళ్లి ఆమె పక్కన నిలబడింది. రెజ్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఇంకోపక్కకి వచ్చాడు.