మూరెడు రణహంస

వేలాపురి రాజ్యానికి మూడు వైపులా సముద్రమే. ఆ నీళ్ల మీద దొంగల పడవలు ఎన్ని తిరిగినా, రణహంస అనే యుద్ధనౌక కాపలా ఉన్నంతకాలం ప్రజలు తలుపులు తీసుకునే నిద్రపోయేవారు. మూడు తెరచాప కొయ్యలు, ఇరవై నాలుగు ఫిరంగులు, రెండు వందల మంది నావికులు గల ఆ ఓడ ఒక ఉదయం రేవు దాటి, నీళ్ల మీద పరుచుకున్న తెల్లటి మంచులోకి వెళ్లింది. మళ్లీ బయటికి రాలేదు. ఎంత ఎండ కాసినా ఆ మంచు కరగలేదు. వెతకడానికి మణిధ్వజ మహారాజు పంపిన పడవలన్నీ దారితప్పి తిరిగి రేవుకే చేరాయి. వారం తిరగకముందే దొంగలు తీరాన రెండు పల్లెలను దోచుకుపోయారు.

ఆ ఓడను కట్టిన పెద్ద వడ్రంగి అప్పలాచారి. చుక్కాని బాగుచేయడానికి ఓడెక్కి, అందులోనే చిక్కుకుపోయాడు. ఆయన కూతురు పైడికి పదహారేళ్లు. తల్లి లేని పిల్ల కావడంతో తండ్రి వెంట రేవులోనే పెరిగింది. ఉలి, బాడిస ఆమెకు ఆటవస్తువులు. తొమ్మిది రోజులు ఎదురుచూసి, పదో రోజు ఆమె దీపస్తంభంలో ఉండే యోగిని శంఖవ్వ దగ్గరికి వెళ్లింది.

"అవ్వా, మా నాన్న బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు తల్లీ. ఆ మంచులో తుహినుడనే రాక్షసుడు నిద్రపోతుంటాడు. అందమైనది ఏది తగిలినా తన కలలోకి లాక్కుంటాడు. రణహంస ఇప్పుడు వాడి కలలో ఉంది. అచ్చం అలాంటిదే మూరెడు ఓడ చేసి ఇస్తే అసలుదాన్ని వదిలేస్తాడు. ఒక్క తాడు తేడా వచ్చినా, చేసినవాళ్లను కూడా కలలో కలిపేసుకుంటాడు."

"చేస్తాను. కొయ్య ఏది కావాలి?"

"కలలోకి వెళ్లే ఓడకు నిద్ర ఎరిగిన కొయ్య కావాలి. నిద్రగన్నేరు అడవికి వెళ్లు."

పైడి మూడు రోజులు నడిచి ఆ అడవి చేరింది. అక్కడ లేళ్లు గడ్డిమేస్తూనే కునుకుతున్నాయి. వాగు కూడా ఆవులిస్తున్నట్టు నెమ్మదిగా పారుతోంది. అడవి నడుమ రెక్కలున్న తెల్ల ఏనుగు ఒకటి పడుకుని ఉంది.

"నా చెట్ల మీద గొడ్డలి పడనివ్వను," అంది ఏనుగు కళ్లు తెరవకుండానే. "గాలికి విరిగిన కొమ్మ ఒకటుంది. పొద్దు కుంకేదాకా మేలుకుని ఉంటే తీసుకుపో. కన్ను మూశావా, ఆ లేళ్ల పక్కనే నీకూ పడక."

కాసేపటికే పైడి రెప్పలు బరువెక్కాయి. ఆమె లేచి నిలబడి, రణహంస అడుగు దూలం మొదలుకుని పేర్లన్నీ పైకి చెప్పసాగింది. దూలం మీద పక్కటెముకలు, వాటి మీద పలకలు, పలకల మధ్య జనపనార, ఆపైన కొయ్యలు, కొయ్యలకు తాళ్లు. ఎక్కడైనా తడబడితే మళ్లీ అడుగు నుంచి మొదలుపెట్టింది. పొద్దు వాలేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది.

"నువ్వు చెబుతుంటే నేనే ఓడెక్కినట్టుంది పిల్లా!" అంటూ ఏనుగు లేచింది. కొమ్మతోపాటు ఆమెను వీపు మీద ఎక్కించుకుని ఓడకు దారం దొరికే మబ్బుల కొండకు ఎగిరింది. ఆ కొండ మీద ముసలి సాలీడు ఒకటి గాలిలోనే గుడ్డలు నేస్తోంది.

తాళ్లకూ తెరచాపలకూ దారం కావాలని పైడి అడిగింది. "నా దారంతో ఒక్క ముడి వేసి చూపించు, ఇస్తాను," అంది సాలీడు. పైడి ముట్టుకోగానే దారం వేళ్లకు అతుక్కుపోయింది. లాగినకొద్దీ చిక్కుపడింది. ఆమె లాగడం మానేసి, రాతి మీది మంచునీటిలో వేళ్లు తడిపి, దారాన్ని మెల్లగా విడిపించుకుని నావికుల ముడి వేసింది. సాలీడు ముచ్చటపడి దారపు ఉండ ఇచ్చి, తెరచాపలు కూడా తానే నేసిపెట్టింది.

ఏనుగు తిరిగి తెచ్చి దింపాక, దీపస్తంభం గదిలో పైడి నలభై రోజులు పనిచేసింది. తమలపాకు మందాన పలకలు చిత్రిక పట్టింది. మిరపగింజంత మేకులు చెక్కింది. నూట పన్నెండు తాళ్లు కట్టింది. నడిమి కొయ్య వెంట్రుకవాసి పొట్టిగా ఉందనిపిస్తే, కట్టిన తాళ్లన్నీ విప్పి కొత్త కొయ్య నిలిపింది. వేళ్ల నిండా గాట్లు పడ్డాయి. చివరికి మూరెడు రణహంస తెరచాపలెత్తుకుని బల్ల మీద నిలబడితే, శంఖవ్వ ఊపిరి బిగబట్టి చూసింది.

మర్నాడు ఉదయం పైడి ఓడను ఒళ్లో పెట్టుకుని పడవలో మంచు దగ్గరికి వెళ్లింది. మంచులోంచి కొండంత ముఖం ఒకటి నిద్రమత్తుతో ఆమె మీదికి వంగింది. తుహినుడు బొమ్మ ఓడను వేలికొస మీద పెట్టుకుని తాళ్లు లెక్కపెట్టాడు. ఫిరంగులు లెక్కపెట్టాడు. అడుగున చూసి ఆగాడు.

"చుక్కాని గది ఖాళీగా ఉందేం?"

ఒప్పుకుంటే తనూ కలలో కలిసిపోవచ్చని పైడికి తెలుసు. అయినా నిజమే చెప్పింది. "ఆ గదిలోకి నన్నెప్పుడూ రానివ్వలేదు. తెలియనిది ఉన్నట్టు కల్పించడం ఇష్టంలేక వదిలేశాను."

రాక్షసుడు బొమ్మ ఓడను మళ్లీ పడవలోకి దించాడు. "ఇన్నేళ్లలో తెలియదని చెప్పినవాళ్లను చూడలేదు. వెళ్లి చూసిరా. నేను ఒక ఊపిరి తీసి వదిలేలోగా వచ్చెయ్యాలి. లోపల మనిషిని ముట్టుకున్నావో, నువ్వూ అక్కడే ఉండిపోతావు."

మరుక్షణం పైడి రణహంస మెట్ల మీద ఉంది. నావికులు ఎక్కడివాళ్లక్కడే నవ్వు ముఖాలతో నిలిచిపోయారు. ఆమె చుక్కాని గదిలోకి దిగింది. అక్కడ సుత్తి ఎత్తిన చేయి ఎత్తినట్టే తండ్రి మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం మీద మంచు పేరుకుంది.

"నాన్నా," అంది పైడి. ఆయన రెప్ప కదపలేదు. చేయి చాస్తే అందేంత దూరం. ఆ మంచు తుడవాలని ఆమె వేళ్లు ముందుకు వెళ్లాయి. పళ్లు బిగించి వేళ్లను వెనక్కి లాక్కుని, కళ్ల వెంట నీళ్లు కారుతుండగా జానలతో గది కొలిచింది. చుక్కాని ఇరుసు, రెండు కప్పీలు, వంకర మెట్టు, తండ్రి బిగిస్తున్న ఇనుప పట్టీ, అన్నీ మనసుకు ఎక్కించుకుంది. రాక్షసుడి ఊపిరి అయిపోయేలోగా పడవలోకి వచ్చి పడింది.

అక్కడే పడవలో కూర్చుని, వెంట తెచ్చుకున్న ఉలితో, మిగిలిన కొయ్యముక్కతో ఆ గదిని చెక్కి అమర్చింది. తుహినుడు ఒక కన్ను మూసి లోపలికి చూశాడు. ఆ తర్వాత బొమ్మ ఓడను పసిబిడ్డలా గుండెకు హత్తుకుని, అటు తిరిగి పడుకున్నాడు.

మంచు రెండుగా చీలింది. రెండు వందల గొంతులు ఒక్కసారి కేకపెట్టగా రణహంస ఎండలోకి వచ్చింది. అప్పలాచారి తాడు పట్టుకుని పడవలోకి దిగి, కూతురి చేతులు తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఒక్క మేకు కొట్టేలోగా ఇన్ని గాట్లు ఎలా పడ్డాయే?" అన్నాడు తెల్లబోయి.

పైడి నవ్వుతూనే ఏడ్చేసింది.

ఆ వారంలోనే రణహంస దొంగల పడవలను తరిమికొట్టింది. మహారాజు పైడిని రేవుకు అధికారిణిని చేసి, ఆమె మాట మీదనే ఓడలన్నీ కట్టాలని చాటింపు వేయించాడు. ఆమె చేతి కింద పదకొండు ఓడలు నీళ్లలోకి దిగాయి. వాటి నీడన వేలాపురి తీరం చాలాకాలం చల్లగా ఉంది.