మేస్త్రమ్మ విప్పిన కుట్లు

పొద్దున్నే మిషను మీద కప్పిన గుడ్డ తీసి, నూనె చుక్క వేసి, కోడలు స్టూలు మీద కూర్చునేసరికి అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. తల నున్నగా దువ్వుకుంది. కళ్ళజోడు తాడు మెడలో వేసుకుంది. డ్యూటీకొచ్చిన మనిషిలా గదిని ఈ మూల నుంచి ఆ మూల దాకా చూసింది.

"కొత్తగా చేరావా అమ్మాయ్?" అని అడిగింది.

"కొత్తేమిటి అత్తయ్యా! నేను మీ కోడల్ని. ఇరవై రెండేళ్ళయింది ఈ ఇంటికొచ్చి. మీరు పని మానేసి పదేళ్ళయింది. ఇది ఫ్యాక్టరీ కాదు, మనిల్లు."

చెప్పినవన్నీ నిజాలే. కానీ వినేకొద్దీ ముసలావిడ ముఖం పరాయి ఇంట్లో తిట్లు తిన్న పిల్లదానిలా చిన్నబోయింది. పోయి మూలనున్న కుర్చీలో కూర్చుంది.

ఒకప్పుడు ఆమె పెద్ద బట్టల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు పనిచేసింది. కుట్టిన ప్రతి బట్టా ఆమె చేతి మీదుగానే బయటికి పోవాలి. బాగున్నది ఎడమవైపు కుప్పలో వేసేది. తప్పున్నది కుడివైపు వేసి, తీరిగ్గా తనే కుట్లు విప్పేది. అందరూ మేస్త్రమ్మ అనేవారు. కోడలికి కుట్టు నేర్పింది కూడా ఆమే. ఇన్నేళ్ళలో బాగుందని నోరు తెరిచి అన్న పాపాన పోలేదు. ఎడమవైపు పెట్టిందంటే అదే పెద్ద మెప్పు.

"అమ్మా, నానమ్మతో అలా మాట్లాడకే," అంది కూతురు, పళ్ళు తోముకుంటూ పెరటి గుమ్మంలోంచి. ఇంట్లో ఆ పిల్లని చిట్టి అంటారు. పంతొమ్మిదేళ్ళు.

"ఎలా మాట్లాడను? ఉన్న మాటే చెప్పాను. నువ్వు మాత్రం ముసలాళ్ళ పగటింట్లో నేర్చిన పాఠాలు నా దగ్గర చెప్పకు. ఇవాళ సాయంత్రం అయిదింటిలోపు నర్సింగు కాలేజీకి సీటు కావాలని చెప్పాలి. గుర్తుందా?"

"గుర్తుంది. వద్దని చెప్తానని నిన్ననే చెప్పాను."

నిన్న జరిగిన గొడవ ఇంకా ఇంట్లోనే తిరుగుతోంది. నాలుగు వీధుల అవతల మతి తప్పుతున్న పెద్దవాళ్ళని పగలంతా చూసుకునే ఇల్లు ఒకటుంది. అందరూ పగటిల్లు అంటారు. నానమ్మని వారానికి మూడు రోజులు అక్కడికి తీసుకెళ్ళి దింపి రావడమే చిట్టి పని. దింపి రావలసిన పిల్ల అక్కడే ఉండిపోవడం మొదలుపెట్టింది. ఆర్నెల్లు చూసి, అక్కడి పెద్దావిడ, "సోమవారం నుంచి వచ్చేయ్. శిక్షణ మేమిస్తాం," అంది.

తల్లికి అది మింగుడు పడలేదు. ఆరేళ్ళ కిందట మొగుడు ఆసుపత్రిలో ఉన్న పదహారు రోజులూ ఆమె ఒక్కటే గమనించింది. ఆ వార్డులో తన మాట ఎవరూ వినలేదు గానీ, తెల్లకోటు వేసుకున్న నర్సు నోరు విప్పితే అందరూ ఆగి విన్నారు. మనిషి దక్కలేదు. ఆ తెల్లకోటు మాత్రం ఆమె కళ్ళల్లో ఉండిపోయింది. ఇప్పుడు ఆసుపత్రుల కోట్లే కుట్టి ఇల్లు నడుపుతోంది.

"నర్సు కాకుండా అక్కడ నువ్వు చేసే ఉద్యోగమేమిటే? ముసలాళ్ళతో దాగుడుమూతలా?"

"అక్కడ నర్సు ఒక్కరేనమ్మా. మిగతా వాళ్ళం పన్నెండు మందిమి. వ్యాను తోలే అన్నయ్యకి ఏ తాతని ఎలా పిలిస్తే బండెక్కుతాడో తెలుసు. వంటావిడ చెంచా పట్టుకోలేనివాళ్ళకి చేత్తో తినేలా ముక్కలు చేసి పెడుతుంది. బాత్రూం తలుపు గోడలో కలిసిపోయి కనబడట్లేదని ఒకాయన దానికి నీలం రంగు వేశాడు. బట్టలు తడుపుకోవడం సగానికి తగ్గింది. ఒకావిడ మనలాంటి ఇళ్ళవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడుతుంది. ఇవన్నీ ఉద్యోగాలే."

"మరి నీది?"

"ఎవరికి ఏ పని ఇంకా చేతనవుతుందో కనిపెట్టి, ఆ పని చేతికివ్వడం."

"అబ్బో! కనిపెడతావా! సైంటిస్టువి మరి," అని తల్లి సంచీ భుజానికి తగిలించుకుంది. "బొత్తాలు తెచ్చుకోవాలి. రేపు ముప్ఫై కోట్లు ఇచ్చెయ్యాలి. నానమ్మ బట్టల జోలికి పోకుండా చూడు. పగటింట్లో నేర్చిన విద్య ఇంట్లో కాస్త చూపించు."

బొత్తాల కొట్టులో ఆలస్యమైంది. తిరిగి గుమ్మంలో అడుగు పెట్టేసరికి అత్తగారు పిన్నీసు మొనతో కోటు చెయ్యి విప్పుతోంది. కుడివైపు చేతులూడిన కోట్లు కుప్పగా పడున్నాయి. దారం ముక్కలు ఒళ్ళంతా. చిట్టి పక్కనే పీట వేసుకుని చూస్తూ కూర్చుంది. ఆపడం లేదు. పైగా విప్పిన దారాలు ఏరి డబ్బాలో వేస్తోంది!

"ఏమే! నీకేమైనా మతి పోయిందా? ఆవిడకైతే పోయింది!"

"అమ్మా, ఒక్క నిమిషం. అరవకు. చేతిలో పిన్నీసుంది."

"ఎన్ని విప్పింది?"

"తొమ్మిది."

"తొమ్మిదా! తొమ్మిదీ అయ్యేదాకా గుడ్లప్పగించి చూశావా? కావాలనే చేయించావు కదూ? నేను కాలేజీ అన్నానని, తెల్లకోటన్నానని, ఆ కసి ఇలా తీర్చుకున్నావు!"

చిట్టి ముఖం ఎర్రబడింది. అయినా గొంతు పెంచలేదు. "నేను నీ కూతుర్నమ్మా. నీ కష్టం నాకు తెలీదా? మొదటిది లాక్కోబోయాను. ఇవ్వలేదు. సరే, ఏం చేస్తోందో చూద్దామని కూర్చున్నా. ఊరికే విప్పట్లేదమ్మా. కోటు చేతిలోకి పిడికిలి దూర్చి తిప్పి చూస్తోంది. కొన్ని మడత పెట్టి ఎడమవైపు పెడుతోంది, కొన్ని విప్పుతోంది. ఏదో చూసి విప్పుతోంది. అదేమిటో నాకు తెలీట్లేదు. నీకు తెలుస్తుంది."

"నాకు తెలిసింది ఒకటే. ఇవాళ నా నడుం విరగాలి." సంచీ విసిరి, కుడివైపు కుప్ప ఎత్తుకుని మిషను దగ్గరికి పోయింది.

మొదటి కోటు తీసుకుంది. ఊడిన చేతిని చంక దగ్గర ఆనించింది. తన చెయ్యి ఆగిపోయింది.

కోటు చేతికి ముందువైపు వంపు లోతుగా ఉంటుంది, వెనకవైపు తక్కువ. ఏది ముందో తెలియడానికి కత్తిరించేటప్పుడే ఒక గాటు పెట్టుకుంటారు. ఈ చేతికి గాటు వెనకవైపు ఉంది. అంటే కుడి చెయ్యి ఎడమ చంకకి వేసింది. వేసుకున్న మనిషి చెయ్యి పైకెత్తితే వీపంతా లాగేస్తుంది. రెండోది చూసింది. అదీ అంతే. మూడోది, నాలుగోది...

నిన్న మధ్యాహ్నం గుర్తొచ్చింది. చిట్టితో గొడవపడి, ముక్కు చీదుకుంటూ వచ్చి, కళ్ళల్లో నీళ్ళతో ఒక కట్ట చేతులకి గాట్లు పెట్టింది. కోపం మీద కత్తెర పట్టుకోకూడదని ఒకప్పుడు అత్తగారే అనేది. ఆ కట్టంతా తిరగబడింది. ఆసుపత్రివాళ్ళు చూస్తే ముప్ఫై కోట్లూ ముఖాన కొట్టేవాళ్ళు.

ఎనిమిది తప్పులు. ఎడమవైపు కుప్ప కూడా ఒక్కొక్కటీ తిప్పి చూసింది. ఒక్కదానిలోనూ వంక లేదు. ఇక మిగిలింది విప్పిన వాటిలో తొమ్మిదోది. దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"ఇందులో తప్పేం లేదే!" అంది.

"అత్తగారు కదమ్మా. ఒక్కటైనా ఊరికే తప్పు పట్టకపోతే ఎలా?" అంది చిట్టి.

తల్లికి నవ్వొచ్చింది. లేచి, తప్పు కోటొకటి పట్టుకుని అత్తగారి పక్కన నేల మీద కూర్చుంది. ముసలావిడ కళ్ళజోడులోంచి తేరిపార చూసింది.

"ఇది కుట్టింది నువ్వేనా?"

"నేనేనండీ."

"కొత్తగా చేరావా అమ్మాయ్?"

తల్లికి ఇరవై రెండేళ్ళూ నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి. వాటిని మింగేసింది.

"అవునండీ. ఇవాళే."

ముసలావిడ ముఖం విప్పారింది. కోటు చెయ్యి అందుకుని, వేలితో గాటు చూపించింది. "ఇది ముందుకి రావాలి. కనబడిందా? ఏడుస్తూ కుట్టినట్టున్నావు. ఫర్వాలేదు, నేర్చుకుంటావులే. తొందరపడకు."

కోడలైన నాడు కూడా ఇంత మెత్తగా అనలేదు ఆవిడ. తల్లి తల వంచుకుని, "అలాగేనండీ," అంది. కన్నీటి చుక్క తెల్లబట్ట మీద పడితే గబుక్కున వేలితో తుడిచింది. తర్వాత ఒక పాత గుడ్డ చెంగుకి సూదీ దారం గుచ్చి ఆవిడ చేతికిచ్చింది. పిన్నీసు తనంతట తనే వదిలేసింది ముసలావిడ.

నాలుగున్నరకి ఎనిమిది కోట్లకీ చేతులు సరిగ్గా పడ్డాయి. తొమ్మిదోది చిట్టి కుట్టింది, కొంచెం వంకరగా. తల్లి దాన్ని విప్పించి మళ్ళీ కుట్టించింది.

"ఆ కాలేజీకి నువ్వే చెప్పు. రానని మర్యాదగా చెప్పు," అంది తల్లి, మిషను మీంచి తలెత్తకుండా.

"అమ్మా!"

"సంబరపడకు. శిక్షణ పూర్తయ్యాక కాగితం ఇస్తారో లేదో ఆ పెద్దావిడని నేనే వచ్చి అడుగుతా. పై చదువుందో లేదో అదీ అడుగుతా. ముసలాళ్ళు నిన్ను కొడితే ఏం చేస్తారో కూడా అడుగుతా."

"అడుగు. అన్నీ అడుగు."

"మరి నర్సులకైతే కోటుంది. మీకేముంటుంది?"

"ఏమీ ఉండదమ్మా. పైన వేసుకునే ఏప్రన్ ఒకటుంటే చాలు. పెద్ద జేబులు కావాలి. దారపు ఉండలు, బొత్తాలు, మడత పెట్టుకునే గుడ్డలు అన్నీ పట్టాలి."

"ఇలా రా. నిలబడు సరిగ్గా." టేపు తీసి కొలతలు తీసుకుంది. మిగిలిన తెల్లబట్ట పరిచి, ఈసారి కళ్ళు పొడిగా ఉన్నాయో లేదో చూసుకుని, కత్తెర పట్టుకుంది.

ఫోను పెట్టేసి చిట్టి తిరిగొచ్చేసరికి ఏప్రన్ తయారైంది. తల్లి దాన్ని కూతురికివ్వలేదు. తిన్నగా తీసుకెళ్ళి అత్తగారి ఒళ్ళో పెట్టింది.

మేస్త్రమ్మ దాన్ని తిరగేసింది. జేబుల్లో పిడికిలి దూర్చి మూలలు తడిమింది. అంచు మడత వేళ్ళ మధ్య నుంచి ఆ చివర దాకా జార్చింది. తల్లీకూతుళ్ళు పక్కపక్కన నిలబడి చూశారు. ఆవిడ నాలుగు మడతలు పెట్టి, అరచేత్తో ఒకసారి రాసి, ఎడమవైపు పెట్టింది.