ఖాళీ ట్రాంలో పక్క సీటు

హెల్వి సుమెలా చేతులకు తొడుగుల్లేకుండా డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చింది. బయట మైనస్ ఇరవై. హెల్సింకీలో పుట్టి పెరిగిన మనిషి డిసెంబరులో తొడుగులు మరిచిపోయిందంటే ఇంట్లో ఏదో ఘోరం జరిగే ఉంటుందని టౌనో లెహ్తికి ఆవిడ నోరు తెరవకముందే అర్థమైంది. ప్రైవేట్ డిటెక్టివ్ ఐలా వైనిక్కా దగ్గర ఆరేళ్లుగా పనిచేస్తున్నాడతను. ఆవిడ తెలివంటే అతనికి భక్తి. ఆ రోజు మాత్రం ఆ భక్తి కాసేపు సడలింది.

"మా అమ్మ కనబడ్డం లేదు మేడమ్," అంది హెల్వి, కుర్చీలో కూర్చోకుండానే. "పదకొండింటికి ట్రాం ఎక్కింది. పన్నెండున్నరకల్లా ఇంట్లో ఉండాలి. ఇప్పుడు ఒకటిన్నర. పోలీసులేమో సాయంత్రం దాకా చూడమంటున్నారు. ఏం చూడను? మూడున్నరకల్లా చీకటి. మా అమ్మకి పట్టపగలే సగం కనబడదు!"

తల్లి పేరు లేంపి, డెబ్బై ఆరేళ్లు. షుగరు కళ్లను తినేసింది. వచ్చే వేసవికి చూపు మిగలదని డాక్టరు తేల్చి చెప్పాడు. ఆ రోజు నుంచీ ఎనిమిది అంకెలా ఊరంతా చుట్టి వచ్చే ట్రాంలో రోజూ ఒక పూర్తి చుట్టు తిరుగుతోంది లేంపి. రేవు, చర్చి, స్టేషను, పార్కులు, ఏదీ వదలదు.

"చిన్నపిల్లలు ఎక్కాలు బట్టీ పట్టినట్టు ఊరిని బట్టీ పడుతోంది మేడమ్. చూపు పోయాక కూడా ఊరు కనబడాలట." హెల్వి గడియారం వైపు చూసింది. "మధ్యాహ్నం ఇన్సులిన్ సూది కూడా పడలేదు."

"ఇవాళ ఏదైనా ముఖ్యమైన పని ఉందా ఆవిడకి?" అంది ఐలా.

హెల్వి తటపటాయించింది. "మూడింటికి లాయరు దగ్గర సంతకం. ఇల్లు నా పేర రాస్తానంది. రేపట్నుంచి క్రిస్మస్ సెలవులు, ఆఫీసు మళ్లీ జనవరిలోనే. తన కళ్లతో చదువుకుని సంతకం పెట్టాలని అమ్మ పట్టుదల. ఈ సంగతి మా ఆయన ఎస్కోకి, మా తమ్ముడు అర్వోకి తప్ప ఎవరికీ తెలీదు."

ట్రాం డ్రైవర్ కాలెర్వో చుట్టు ముగిసే స్టాపులో ఫ్లాస్కు మూతలో కాఫీ తాగుతూ ఐలాకీ టౌనోకీ దొరికాడు.

"లేంపి అమ్మగారేగా? మూడో సీటు, కిటికీ పక్క. కిటికీ మీద మంచు నాణెంతో గీక్కుని ఆ కాస్త సందులోంచి చూస్తుంటారు. ఇవాళ పాపం ఒక తాగుబోతు తగులుకున్నాడు."

"ఎవడు?" అంది ఐలా.

"బూడిదరంగు బొచ్చు టోపీ, మూతికి మఫ్లరు. ఈ చలిలో మగాళ్లందరిదీ అదే వేషం కదమ్మా, మొహం ఎవరు చూశారు! బండంతా ఖాళీ. వెళ్లి వెళ్లి ఆవిడ పక్కనే కూలబడ్డాడు."

"తూలాడా?"

"లేదు."

"వాసన వచ్చిందా?"

"లేదమ్మా."

"మరి తాగుబోతని ఎలా అన్నావ్?"

కాలెర్వో ఆవిడను వింతగా చూశాడు. "ఖాళీ బండిలో ఒకరి పక్కన కూర్చునేవాడు తాగుబోతు కాక ఇంకెవడవుతాడు?"

స్టేషను దగ్గర జనం తోసుకుంటూ ఎక్కారట. వాళ్లు పలచబడి చూసేసరికి మూడో సీటు ఖాళీగా ఉందట.

హెల్వి ఇంటికి చేరేసరికి రెండు దాటింది. అందరూ గుమ్మంలోనే బూట్లు విప్పి లోపలికి నడిచారు. గోడకున్న కొక్కేలకు బూడిదరంగు బొచ్చు టోపీలు ఒకటి కాదు, రెండు వేలాడుతున్నాయి.

ఎస్కో బేకరీలో రాత్రి డ్యూటీ చేస్తాడు. ఇంకా నిద్రమొహంతోనే ఉన్నాడు. "మా అత్తగారు తప్పిపోయే రకం కాదండీ, అవతలివాళ్లకి దారి తప్పించే రకం," అన్నాడు. హెల్వి చురచురా చూసేసరికి తల దించుకున్నాడు.

"పొద్దుట్నుంచీ ఆఫీసులోనే ఉన్నాను," అన్నాడు అర్వో, ఎవరూ అడక్కముందే. "అక్క ఫోన్ చేస్తే అట్నుంచటే వచ్చాను. ఇక్కడ కూర్చుని ఏం చేస్తాం? రేవు వైపు వెతకొద్దూ?"

ఐలా మాత్రం తీరిగ్గా కాఫీ అడిగింది. గోడ మీది ఫోటో చూసి అదెక్కడిదని అడిగింది. ఆపిల్ చెట్ల మధ్య బొమ్మరిల్లంత చెక్క ఇంటి ముందు లేంపి నవ్వుతోంది.

"ఊరి ఉత్తరాన వేసవి తోటలున్నాయి కదా, అక్కడ మా ఇల్లు. సెప్టెంబరులో తాళం పెడితే మళ్లీ మే నెలలోనే," అంది హెల్వి.

"చలికి ఈ ఇంట్లో కట్టెల పొయ్యి లేదా?"

"ఊళ్లో కట్టెల పొయ్యి ఎవరికుందండీ ఇప్పుడు?" అన్నాడు అర్వో విసుగ్గా. "అందరివీ రేడియేటర్లే. మా ఆఫీసులోనూ అవే."

ఐలా చెంచా కింద పడేసుకుంది. తీద్దామని టౌనో కూడా వంగాడు. బల్ల కింద ఊలు మేజోళ్లు కనబడ్డాయి. ఒక జత బొటనవేలి దగ్గర చిరిగింది. ఒక జత అడుగున తెల్లటి పొరలేవో అంటుకున్నాయి. అక్కడ ముసలావిడ చచ్చిపోతుంటే ఈవిడ చెంచాలతో ఆడుకుంటోందేమిటని అతనికి ఒళ్లు మండిపోయింది.

ఐలా లేచి ఫోన్ దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించి రెండు ముక్కలు మాట్లాడింది. తర్వాత కోటు తొడుక్కుంది.

"పదండి, అందరం ట్రాం ఎక్కుదాం. మీ కారు ఈ చలికి కదిలేలా లేదు, టాక్సీకి నలభై నిమిషాలు ఆగాలట. అంత టైము మనకి లేదు."

ట్రాంలో వాళ్లు తప్ప ఎవరూ లేరు. హెల్వి ముందు కూర్చుంది, ఎస్కో ఆవిడ వెనక, అర్వో నడిమి కిటికీ దగ్గర, టౌనో ఒక పక్కగా. ఎవరి జంట సీటు వారిదే. భార్యాభర్తలు కూడా కంగారులో అలవాటుకొద్దీ విడివిడిగానే కూర్చున్నారు. ఐలా ఆఖర్న ఎక్కి, ఇన్ని సీట్లుండగా నేరుగా వెళ్లి అర్వో పక్కన కూర్చుంది.

అర్వో ఉలిక్కిపడి కిటికీకి అతుక్కుపోయాడు.

"ఇబ్బందిగా ఉంది కదూ?" అంది ఐలా. "మన ఊళ్లో ఖాళీ ట్రాంలో పరాయివాళ్ల పక్కన ఎవరూ కూర్చోరు. దొంగయినా కూర్చోడు. లేంపి గారి పక్కన కూర్చున్నది తాగినవాడు కాదు, పరాయివాడూ కాదు. సగం చూపున్న మనిషి కేకైనా వెయ్యకుండా అతని వెంట దిగిపోయింది. గొంతు గుర్తుపట్టింది, నమ్మింది. అంటే మీరైనా కావాలి, మీ బావగారైనా కావాలి."

"నేను ఆఫీసులో..."

"ఆఫీసులో బూట్లు విప్పరు కదా? మీ మేజోళ్ల అడుగున పొయ్యి కట్టెలకు వాడే బిర్చి చెట్టు తెల్ల బెరడు పొరలున్నాయి. కట్టెలు చీల్చిన నేల మీద బూట్లు లేకుండా నడిచారు మీరు. రేడియేటర్ల ఇళ్లలో బెరడు ఎక్కడిది? మీ కుటుంబానికి కట్టెల పొయ్యి ఉన్నది ఒక్క చోటే, ఆ వేసవి తోట ఇంట్లో. ఒక మనిషిని బంధించడానికి వెళ్తూ కూడా అమ్మ ఇల్లు కదా అని గుమ్మంలో బూట్లు విప్పారు. మనవాళ్లు తప్ప ఎవరూ చెయ్యని పొరపాటు అది."

టౌనో సిగ్గుతో తల వంచుకున్నాడు. ఆ పొరలు తనూ చూశాడు. చూసి, పడిపోయిన చెంచా తీసి ఇచ్చాడు.

అర్వో మొహం చేతుల్లో దాచుకున్నాడు. "కళ్లు పోయేలోగా తోట ఒకసారి చూద్దువుగాని రమ్మన్నానక్కా. సంబరపడి వచ్చింది. లాయరు ఆఫీసు మూసేదాకా ఉంచుదామనే... పొయ్యి నిండా కట్టెలు పెట్టాను. దుప్పట్లు కప్పాను. నాలుగింటికి వెళ్లి తీసుకొచ్చేద్దును."

"ఆ పొయ్యి గంటన్నర కూడా ఆగదురా! సూది సంగతో?" అని అరిచింది హెల్వి.

అర్వోకి సూది సంగతే గుర్తులేదు.

తోటల్లో మంచు మోకాళ్ల దాకా ఉంది. గుమ్మం వైపు ఇద్దరు నడిచిన గుర్తులు, తిరిగి ఒక్కరివే. అర్వో చేతిలోంచి తాళంచెవి జారి మంచులో పడిపోయింది. అతను వెతుకుతుండగానే ఎస్కో భుజంతో గుద్ది తలుపు పగలగొట్టాడు.

పొయ్యి చల్లారిపోయింది. లేంపి దుప్పట్లలో ముడుచుకుని బెంచీ మీద కూర్చుని ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. ఆవిడ బూట్లు మాత్రం గుమ్మం దగ్గర కొడుకు విప్పిపెట్టిన చోటే ఉన్నాయి. తెరిచిన తలుపులోంచి మంచు మీది వెలుగు తిన్నగా ఆవిడ మొహం మీద పడుతోంది.

"హెల్వీ, నువ్వేనా?" అంది లేంపి. "చీకటి పడిపోయిందేం ఇంత తొందరగా?"

హెల్వి తల్లి పాదాలు ఒళ్లోకి తీసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. చివరికి ఎస్కోయే గొంతు సవరించుకుని, "పడింది అత్తయ్యా, ఎప్పుడో పడింది," అన్నాడు.

ఐలా ముందే పిలిచిన అంబులెన్సు వచ్చింది. ప్రాణం దక్కింది, చూపు దక్కలేదు. కొడుకు మీద కేసు వద్దంది లేంపి. చదువుకోకుండా సంతకమూ పెట్టనంది. అర్వో కోరుకున్నది అలా నెరవేరింది.

జనవరి చివర్లో లేంపి మళ్లీ ట్రాం ఎక్కుతానంటే టౌనో తోడు వెళ్లాడు. బండి ఖాళీ. అతను జన్మలో మొదటిసారి ఖాళీ బండిలో ఒకరి పక్కన కూర్చున్నాడు.

"స్టేషను వచ్చిందండీ. గుమ్మం పక్కన దీపాలు పట్టుకున్న రాతి మనుషులు..."

"తెలుసులే. వాళ్ల నెత్తి మీద మంచుందా?"

"ఉంది. తెల్ల టోపీలు పెట్టుకున్నట్టున్నారు."

లేంపి నవ్వింది. బట్టీ పట్టిన ఊరంతా అతని మాటతో సరిచూసుకుంటూ వచ్చింది. తోటల దగ్గర స్టాపులో తలుపు తెరుచుకుని చలిగాలి కొట్టింది. బూడిదరంగు టోపీ మనిషి ఒకడు ఎక్కాడు. మూడో సీటు వైపు చూసి, అడుగు ముందుకు వేసి, ఆగి, వెనక సీట్ల వైపు వెళ్లిపోయాడు. మఫ్లరు పైన కనబడ్డ కళ్లను టౌనో గుర్తుపట్టాడు.

"ఎవరు ఎక్కారు?" అంది లేంపి.

"ఒకాయన," అన్నాడు టౌనో.

"ఎక్కడ కూర్చున్నాడు?"

"వెనక. బాగా దూరంగా."

లేంపి కాసేపు ఆ అడుగుల చప్పుడు ఆగిన వైపు చెవి ఒగ్గి ఉంది. తర్వాత కనబడని కిటికీ వైపు మొహం తిప్పుకుంది.

"అయితే ఎవరో తెలియనివాడేలే," అంది.